పాత టూ-ఇన్-వన్ కొన్నారా? మీరే విప్పాలా, మెకానిక్‌కి ఇవ్వాలా, బ్లూటూత్ పెట్టించాలా

ఆన్‌లైన్‌లో సెకండ్‌హ్యాండ్ టూ-ఇన్-వన్ (రేడియో, క్యాసెట్ ప్లేయర్ రెండూ ఉన్న సెట్టు) అమ్మేవాళ్ళు "వర్కింగ్ కండిషన్" అని రాశారంటే రేడియో పలుకుతోందని మాత్రమే అనుకోండి. క్యాసెట్ సంగతి చాలామంది చూసి ఉండరు. ఇందులో మోసమేమీ లేదు. వాళ్ళింట్లో ఒక్క క్యాసెట్టు కూడా మిగిలి ఉండదు, ఇక ఏం పెట్టి చూస్తారు? అందుకే పార్సిల్ విప్పాక ఎక్కువమందికి ఒకే అనుభవం. ఎఫ్‌ఎం బ్రహ్మాండంగా వస్తుంది. ప్లే నొక్కితే లోపల మోటార్ సన్నగా గుయ్యిమంటుంది, టేపు మాత్రం కదలదు.

అక్కడి నుంచి నాలుగు దారులున్నాయి. మీరే విప్పి బాగు చేసుకోవచ్చు. మెకానిక్‌కి ఇవ్వచ్చు. అదే మోడల్‌ది పాడైన సెట్టు ఇంకొకటి కొని రెండింటిలోంచి ఒకటి నిలబెట్టచ్చు. లేదా క్యాసెట్టు ఆశ వదిలేసి లోపల బ్లూటూత్ బోర్డు పెట్టించుకోవచ్చు. తుడిచి షోకేసులో పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళకు నా సలహాతో పనిలేదు. ఇది చెన్నైలో ఉంటున్న తెలుగువాళ్ళ కోసం రాస్తున్నాను. ఎలక్ట్రానిక్స్ సామాన్ల బజారు రిచీ స్ట్రీట్ దగ్గర్లో ఉండటం మనకు కలిసొచ్చే విషయం. సముద్రపు గాలికి ఇంట్లో ప్రతి స్క్రూ తుప్పు పట్టడం కలిసిరాని విషయం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంట్లో వినాల్సిన క్యాసెట్లు ఉంటే బెల్టులు మార్చడం, శుభ్రం చేయడం వరకు మీరే చేసుకోండి, సోల్డరింగ్ అవసరం పడితే అప్పుడు మెకానిక్ దగ్గరికి వెళ్ళండి. క్యాసెట్లు లేకపోతే డెక్ మీద, అంటే క్యాసెట్టు తిప్పే భాగం మీద, రూపాయి పెట్టకండి. మోడల్ అందం, కంపెనీ పేరు, స్పీకర్ సైజు ఇవన్నీ ఆ తర్వాత ఆలోచించేవి.

గల్ఫ్ సెట్టా, జపాన్ సెట్టా

ఇంకా కొనకపోతే ఈ భాగం జాగ్రత్తగా చదవండి. కొనేశారా, సెట్టు తిరగేసి వెనక అంటించిన లేబుల్ చూడండి.

డెబ్భైల చివర్లో, ఎనభైలలో మన ఇళ్ళకు వచ్చిన సెట్లు చాలావరకు దుబాయ్ నుంచో మస్కట్ నుంచో సింగపూర్ నుంచో ఎవరో ఒక బంధువు మోసుకొచ్చినవి. కాదంటే బీచ్ స్టేషన్ దగ్గర బర్మా బజార్‌లో బేరమాడి కొన్నవి. నేషనల్ పానాసోనిక్, సోనీ, షార్ప్, శాన్యో, హిటాచీ. ఇవి ఎగుమతి కోసం తయారైన సెట్లు. వెనక 110, 220 వోల్టులకు మార్చే చిన్న స్విచ్చు ఉంటుంది, ఎఫ్‌ఎం స్కేలు 88 నుంచి 108 దాకా ఉంటుంది, సిలోన్ తెలుగు కార్యక్రమాలు విన్న కాలపు గుర్తుగా షార్ట్‌వేవ్ బ్యాండ్లు కూడా ఉంటాయి. ఇక్కడే తయారైన ఫిలిప్స్, బీపీఎల్ సెట్లతోనూ కరెంటు విషయంలో ఇబ్బంది లేదు.

ఇప్పుడు ఆన్‌లైన్‌లో కళ్ళు చెదిరేలా కనిపిస్తున్నవి వేరు. జపాన్‌లో వాళ్ళ కోసం వాళ్ళు తయారు చేసుకున్న సెట్లు, అక్కడి పాత సామాన్ల నుంచి ఇక్కడికి వస్తున్నాయి. మెరుపు తగ్గి ఉండదు, ధరా తగ్గి ఉండదు. వీటితో రెండు చిక్కులు.

మొదటిది కరెంటు. జపాన్‌లో ఇళ్ళకు వచ్చేది 100 వోల్టులు. ఆ సెట్టును మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. 230ని 100కి తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కొని దాని ద్వారానే వాడాలి, లేదా బ్యాటరీల మీద వాడాలి. ఇది పరిష్కారం ఉన్న చిక్కే. ఇంట్లో ఎవరూ పొరపాటున గోడ ప్లగ్గులో పెట్టకుండా చూసుకోవాలి, అంతే. వైరు చివర ప్లగ్గుకు ఒక చీటీ కట్టండి.

రెండోది రేడియో. జపాన్ ఎఫ్‌ఎం 76 నుంచి 90 మెగాహెర్ట్జ్‌ల మధ్య నడిచింది, ఆ కాలపు సెట్లలో చాలావాటి స్కేలు అక్కడితో ఆగిపోతుంది. చెన్నైలో సూర్యన్ 93.5, మిర్చి 98.3, రెయిన్‌బో 101.4, హలో 106.4. ఒక్కటీ అందదు. స్కేలు చివరిదాకా తిప్పి పట్టుకుంటే అన్నా యూనివర్సిటీవాళ్ళ అన్నా ఎఫ్‌ఎం 90.4 దొరికితే దొరకచ్చు. 2004లో మొదలైన ఆ స్టేషన్ దేశంలో మొట్టమొదటి కమ్యూనిటీ రేడియో. అది మంచి స్టేషనే కానీ, ఒక్క స్టేషన్ కోసం అంత డబ్బా? మన దేశంలో ఎఫ్‌ఎం ప్రసారం మొదలైంది 1977 జూలై 23న, ఈ మద్రాసులోనే. అలాంటి ఊళ్ళో ఎఫ్‌ఎం పలకని రేడియో కొనుక్కోవడం నాకైతే మనసొప్పదు.

అయితే ఒక మినహాయింపు ఉంది. జపాన్‌లో 90 నుంచి 108 మధ్య టీవీ ఒకటి, రెండు, మూడు ఛానళ్ళు ఉండేవి. టీవీ మాటలు రేడియోలో వినేవాళ్ళ కోసం కొన్ని సెట్లలో స్కేలును 108 దాకా పొడిగించి పక్కన టీవీ 1-3 అని ముద్రించారు. అలాంటి సెట్టు ఇక్కడ నిక్షేపంగా పనిచేస్తుంది. కాబట్టి జపాన్ సెట్టు నచ్చితే స్కేలు ఫొటో దగ్గరగా తీసి పంపమనండి. స్కేలు 90తో ఆగిపోతే వదిలేయండి. జపాన్ నుంచి వచ్చిన పాత కార్ల కోసం అమ్మే బ్యాండ్ కన్వర్టర్లు ఉన్నాయి, ఆంటెన్నాకి తగిలిస్తే మన స్టేషన్లను కిందికి దింపి వినిపిస్తాయి. పనవుతుంది కానీ స్కేలు మీది అంకెలకూ స్టేషన్‌కూ పొంతన ఉండదు, నాణ్యత కూడా కొంత పోతుంది. ఏ స్టేషన్ అందాలో నిర్ణయించే ఆసిలేటర్ కాయిల్ సర్ది స్కేలు పైకి జరిపే మెకానిక్‌లు ఉన్నారు. చేయగలిగినవాళ్ళు మాత్రం తక్కువ.

గల్ఫ్ సెట్టు చూడటానికి గీతలు పడి ఉన్నా, కాస్త పసుపెక్కినా, నా ఓటు దానికే.

కొనేముందు అడగాల్సిన వీడియో

ఫొటోలు చాలవు. ఏదో ఒక క్యాసెట్టు పెట్టి ప్లే నొక్కి, రెండు చక్రాలూ తిరుగుతున్నాయో లేదో కనిపించేలా వీడియో అడగండి. క్యాసెట్టు లేదంటే ఖాళీ తలుపు తెరిచి ప్లే నొక్కమనండి, టేపును చుట్టుకునే చక్రం తిరగాలి. వాల్యూమ్ సున్నా నుంచి పైదాకా తిప్పమనండి, గరగర ఎంతుందో తెలుస్తుంది. బ్యాటరీ అర తెరిచి ఫొటో తీయమనండి. అక్కడ స్ప్రింగులకు ఆకుపచ్చ, తెలుపు పొడి పట్టి ఉంటే ధర తగ్గించమని అడగచ్చు. ఆ పొడి బోర్డు దాకా పాకి ఉంటే మానుకోండి. ఇవన్నీ అడిగితే కొందరు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

విరిగిన ఆంటెన్నా గురించి దిగులు వద్దు, అది తేలిగ్గా దొరికేదే. క్యాసెట్ తలుపు, నొక్కే మీటల పైతొడుగులు, ట్యూనింగ్ గుండ్రం విరిగితే మాత్రం కష్టం. అవి ఆ మోడల్‌కే పుట్టినవి, వేరేవి సరిపోవు.

మీరే చేసుకునే పని ఎంతవరకు

ప్లే నొక్కితే మోటార్ తిరుగుతూ టేపు కదలకపోతే నూటికి తొంభై పాళ్ళు బెల్టు పోయినట్టే. రబ్బరు బెల్టు నలభై ఏళ్ళలో రెండు రకాలుగా చస్తుంది. ఒకటి, సాగి వదులైపోవడం. ఇది మంచి చావు, తీసి పారేసి కొత్తది వేస్తే సరి. రెండోది, కరిగి తారులా మారడం. వెనక మూత తీస్తే ఫ్లైవీల్ (టేపు ఒకే వేగంతో నడిచేలా చూసే బరువైన చక్రం) అంచునా, మోటార్ కప్పీ మీదా, కింద బోర్డు మీదా నల్లటి జిగురు. వేలికి అంటిందా, చొక్కాకీ టేబుల్‌కీ తలుపు గడియకీ పాకుతుంది. చేతికి తొడుగులు వేసుకుని, కింద పాత పేపరు పరిచి, తర్వాత విప్పండి.

ఈ జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఇయర్ బడ్స్‌తో తుడవాలి. ఇంట్లో ఉన్న శానిటైజర్ వాడదామనిపిస్తుంది, వద్దు. అందులో గ్లిసరిన్ ఉంటుంది, అది పూతలా మిగిలిపోతుంది. గోళ్ళరంగు తీసే ద్రవం అసలు దగ్గరికి రానివ్వకండి, ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. ఎక్కువమంది తొందరపడేది మోటార్ కప్పీ దగ్గర. చిటికెన వేలి గోరంత కూడా ఉండని ఇత్తడి కప్పీ అది. దాని గాడిలో పలచటి జిగురు పొర మిగిలినా కప్పీ చుట్టుకొలత పెరుగుతుంది, టేపు వేగం పెరుగుతుంది, పొర ఎగుడుదిగుడుగా ఉంటే పాట వణుకుతుంది. కొత్త బెల్టు వేశాక గాయకుడి గొంతు సన్నగా వినిపిస్తే మోటార్‌ని అనుమానించేముందు ఆ గాడిని అగ్గిపుల్ల మొనకు బట్ట చుట్టి మళ్ళీ తుడవండి.

కొత్త బెల్టు కొలత ఎలా? పాతది తారైపోయింది కదా. దారం తీసుకుని బెల్టు వెళ్ళే దారంతా చుట్టి, కత్తిరించి, స్కేలు మీద పెట్టండి. అందులో ఐదారు శాతం తగ్గించండి. దారం 240 మిల్లీమీటర్లు వస్తే బెల్టు చుట్టుకొలత సుమారు 226 ఉండాలి. అమ్మేవాళ్ళు ఒకరు వ్యాసం చెబుతారు, ఒకరు మడిచిన పొడవు చెబుతారు. 226కి మడిచిన పొడవు 113, వ్యాసం 72. ఈ లెక్క చీటీ మీద రాసుకుని వెళ్ళకపోతే షాపులో తికమక పడతారు. రకరకాల సైజులు కలిపి ఒకే ప్యాకెట్‌గా అమ్మే బెల్టులు చవకే, చిన్న బెల్టులకు అవి చాలు. ఫ్లైవీల్‌ను తిప్పే ప్రధాన బెల్టుకు మాత్రం మందం కూడా చూసి విడిగా కొనండి. బిగుతు ఎక్కువైతే మోటార్ బేరింగ్ అరుగుతుంది, వదులైతే జారుతుంది.

తర్వాత టేపును చదివే హెడ్, కాప్‌స్టన్ అనే సన్నటి ఉక్కు కడ్డీ, దానికి ఆనుకుని తిరిగే పించ్ రోలర్. మూడింటినీ ఆల్కహాల్‌తో తుడవండి. బడ్ మీద గోధుమరంగు రావడం ఆగేదాకా. అది పాత టేపుల పూత. రోలర్ రబ్బరు గాజులా నున్నగా, గట్టిగా అయిపోతే తుడిచి లాభం లేదు, మార్చాలి. "టేపు నమిలేస్తోంది" అనే ఫిర్యాదు సాధారణంగా ఈ రోలర్ వల్లో, టేపును చుట్టుకోవాల్సిన చక్రం బలహీనంగా తిరగడం వల్లో వస్తుంది.

బ్యాటరీ అరలో పొడి ఉంటే ముందు అది ఏ బ్యాటరీదో ఆలోచించండి. ఆల్కలైన్ కారితే అది క్షారం, వెనిగరో నిమ్మరసమో బడ్‌తో అద్ది తుడవాలి. మామూలు జింక్ బ్యాటరీ కారితే అది ఆమ్లం వైపు, దానికి వంటసోడా నీళ్ళు. తర్వాత ఆల్కహాల్‌తో ఒకసారి తుడిచి బాగా ఆరనివ్వండి.

వేగం సరిచూడటానికి ఖరీదైన టెస్ట్ టేపు అక్కర్లేదు. ఫోన్‌లో ఉన్న పాటే మీ క్యాసెట్లో కూడా ఉంటే రెండింటి నిడివీ పోల్చండి. ఐదు నిమిషాల పాట తొమ్మిది సెకన్లు ముందే అయిపోతే మూడు శాతం వేగంగా తిరుగుతోందన్నమాట. మూడు శాతమంటే శ్రుతి అర మెట్టులో సగం పెరిగినట్టు, సంగీతం తెలిసినవాళ్ళకు చిరాకు పుడుతుంది, మామూలు చెవికి తెలియకపోవచ్చు. చాలా మోటార్ల వెనక ఒక చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి స్క్రూను ప్లాస్టిక్ పిడి ఉన్న సన్న స్క్రూడ్రైవర్‌తో కొంచెం కొంచెంగా తిప్పితే వేగం మారుతుంది. ఉత్పత్తి తేడాల వల్ల పాట నిడివి ఒకటి రెండు సెకన్లు అటూ ఇటూ ఉండచ్చు, దానికోసం ప్రాణం తీసుకోకండి.

స్క్రూడ్రైవర్ మాట వచ్చింది కాబట్టి. జపాన్ సెట్లలోని ప్లస్ స్క్రూల తల జేఐఎస్ అనే వాళ్ళ కొలతది. మనం వాడే ఫిలిప్స్ రకం అందులో పూర్తిగా కూర్చోదు, బలం పెడితే తల అరిగిపోతుంది. తుప్పు కూడా పట్టి ఉంటే ఇక ఆ స్క్రూ డ్రిల్లుతోనే బయటికొస్తుంది. జేఐఎస్ స్క్రూడ్రైవర్ ఒకటి కొనుక్కోవడం దండగ కాదు.

ఈ పనులకు ఖర్చు వందల్లోనే. ఓపిక మాత్రం కావాలి. విప్పే ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీసుకోండి, స్కేలు మీది ముల్లును జరిపే ట్యూనింగ్ దారం ఎటు నుంచి ఎటు చుట్టి ఉందో మరీ ముఖ్యంగా. ఆ దారం ఊడితే మళ్ళీ వేయడం ఆదివారం మొత్తం తినేసే పని.

మెకానిక్‌కి ఇస్తే

రిచీ స్ట్రీట్ అంటే ఆ ఒక్క వీధే కాదు, నరసింగపురం స్ట్రీట్, పక్క సందులు అన్నీ కలిపి. మెట్రోలో గవర్నమెంట్ ఎస్టేట్ స్టేషన్‌లో దిగి నడిచి వెళ్ళచ్చు. ఆదివారం వెళ్ళకండి, చాలా షాపులు మూసి ఉంటాయి. ఇప్పుడక్కడ ఎటు చూసినా సీసీటీవీ, కంప్యూటర్, ఎల్‌ఈడీ సామానే. పాత టేప్ రికార్డర్లు చూసే మెకానిక్‌లు పై అంతస్తుల్లో, మెట్ల కింద బల్లల దగ్గర ఉంటారు. కండెన్సర్లు అమ్మే షాపులో అడిగితే చెబుతారు. అరవం రాకపోయినా ఫరవాలేదు, ఎవరో ఒకరు తెలుగులో అందుకుంటారు.

మంచి మెకానిక్‌ను గుర్తుపట్టడానికి నాకు ఒక కొండగుర్తు ఉంది. సెట్టు చేతికి ఇవ్వగానే ఏమంటాడో వినండి. నేను తీసుకెళ్ళిన నేషనల్ సెట్టు కరెంటు మీద హమ్ అని మోత పెడుతుండేది.

"అన్నా, అన్ని కండెన్సర్లూ మార్చేయాలంటావా?" అన్నాను.

ఆయన విప్పనే లేదు. "బ్యాటరీ మీద పెట్టి చూశారా సార్?"

చూశాను, బ్యాటరీ మీద మోత లేదు.

"మరింకేం. సప్లై కండెన్సర్ ఒకటే. మిగతావాటి జోలికి వెళ్ళద్దు."

అదీ పద్ధతి. బ్యాటరీ మీద శుభ్రంగా పలికి, కరెంటు మీద మాత్రం మోత వస్తోందంటే ఏసీని డీసీగా మార్చాక నునుపు చేసే పెద్ద కండెన్సర్ ఎండిపోయిందని అర్థం. పాత సెట్టు అనగానే ఉన్న కండెన్సర్లన్నీ పీకేసి కొత్తవి వేసే అలవాటు ఇంటర్నెట్ చూసి మొదలైంది. ఆ కాలపు జపాన్ కండెన్సర్లు చాలావరకు ఇంకా గట్టిగానే ఉన్నాయి. ఒక్కొక్కటి చవక వస్తువే కానీ, సన్నటి పాత బోర్డు మీద యాభై చోట్ల ఐరన్ పెడితే రాగి గీతలు లేచిపోతాయి. లక్షణం కనిపించిన చోట మార్చమనండి: మోత ఉంటే సప్లైది, ఒక స్పీకర్లో బేస్ లేకపోతే స్పీకర్‌కి వెళ్ళే దారిలోది.

మెకానిక్‌కి ముందే చెప్పాల్సిన మాటలు రెండున్నాయి. ఒకటి, రేడియో బాగానే పలుకుతుంటే ఐఎఫ్‌టీలు అనే రేడియో కాయిల్స్ డబ్బాల మీది రంగురంగుల కోర్లు తిప్పద్దని. సిగ్నల్ జనరేటర్ లేకుండా వాటిని తిప్పితే మళ్ళీ సరిచేయడం గగనం. రెండు, టేపు మెకానిజం మొత్తాన్ని కొత్త చైనా మెకానిజంతో మార్చద్దని. ఇప్పుడు కొత్తగా దొరికేవన్నీ తనషిన్ అనే జపాన్ కంపెనీ పాత డిజైన్‌కు చవక నకళ్ళు. తేలికపాటి ఫ్లైవీల్, పాటలో వణుకు. మీ పాత సెట్టులోని బరువైన ఫ్లైవీల్‌ను తీసి అది పెట్టడమంటే కంచు చెంబిచ్చి ప్లాస్టిక్ మగ్గు తెచ్చుకున్నట్టే.

మెకానిక్‌కే వదలాల్సిన పనులు ఏవంటే, మోటార్ అసలు తిరగకపోవడం, ఒక ఛానల్ పూర్తిగా చచ్చిపోవడం, శబ్దాన్ని పెంచే ఆంప్లిఫైయర్ ఐసీ (చిప్) వేడెక్కిపోవడం. ఆ కాలపు ఐసీలలో కొన్ని ఇంకా దొరుకుతాయి. మన దేశంలో చాలా లోకల్ ఆంప్లిఫైయర్లలో కనిపించే ఎల్‌ఏ4440 లాంటిదైతే చిటికెలో పని. దొరకని ఐసీ అయితే మెకానిక్ వేరే చిన్న ఆంప్లిఫైయర్ బోర్డు పెడతానంటాడు. స్పీకర్, వాల్యూమ్, పై రూపం అవే ఉంటాయి కాబట్టి దానికి నేను అభ్యంతరం చెప్పను. కానీ తీసేసిన పాత బోర్డు అడిగి తెచ్చుకోండి.

ఒక సందేహ స్థలం ఉంది. ప్లే నొక్కగానే కీచుమని అరవడం, లేదా ఒక పక్క శబ్దం వస్తూ పోతూ ఉండటం. దీన్ని చాలాసార్లు ఐసీ పోయిందని చెప్పి ఖర్చు రాస్తారు. నిజానికి లోపల రికార్డ్, ప్లే మధ్య మారే పొడవాటి జారుడు స్విచ్చు ఒకటి ఉంటుంది, దాని కాంటాక్టులు నల్లబడి ఉంటాయి. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, క్యాసెట్ లేకుండా రికార్డ్ మీట ఇరవై ముప్ఫై సార్లు నొక్కి వదిలితే సగం సెట్లు బాగవుతాయి. వాల్యూమ్ గరగరకూ అదే మందు. తుప్పు వదిలించే స్ప్రే మాత్రం వాడకండి, అది ఈ పనికి తయారైంది కాదు.

రెండు సెట్లలోంచి ఒకటి

మీ దగ్గరున్నది బాగా అమ్ముడుపోయిన మోడల్ అయితేనే ఈ దారి. విరిగిన తలుపు, మీటలు, ట్యూనింగ్ గుండ్రం, పగిలిన గేర్లు, ఇవి ఇంకెక్కడా దొరకవు కాబట్టి రెండో సెట్టు కొనడంలో అర్థముంది. సెంట్రల్ స్టేషన్ పక్కన మూర్ మార్కెట్ షాపుల్లో కూడా ఒక చూపు వేయండి. అసలు మూర్ మార్కెట్ 1985లో కాలిపోయింది, ఇప్పుడున్నది దాని తర్వాతి సంసారం. అక్కడ పాత సెట్టు కళ్ళతో చూసి, చేత్తో తిప్పి కొనచ్చు. బెల్టు కోసమో కండెన్సర్ కోసమో రెండో సెట్టు కొనకండి. అందులోని బెల్టు వయసు కూడా మీ బెల్టు వయసే.

ఈ దారికి ఇంట్లో ఒప్పించాల్సిన మనుషులు ఉంటారు, ఆ సంగతి మీరే చూసుకోవాలి.

బ్లూటూత్

పాత సామాను ప్రేమికులు దీన్ని పాపంలా చూస్తారు. నేను అలా అనుకోను. ఇంట్లో క్యాసెట్లు లేవు, ఉదయం పూట సుప్రభాతం, సాయంత్రం పాత పాటలు ఫోన్‌లోంచి ఆ పెద్ద స్పీకర్లలో వినాలనుంది. అలాంటప్పుడు డెక్‌ను బాగు చేసి ఏం చేస్తారు?

కానీ ఎలా పెట్టిస్తున్నారన్నది ముఖ్యం. మొదట, మీ సెట్టు వెనక లైన్ ఇన్ అనో ఆక్స్ అనో సాకెట్టు ఉందేమో చూడండి. ఉంటే విప్పే పనే లేదు, చిన్న బ్లూటూత్ రిసీవర్ బయటి నుంచే తగిలించుకోవచ్చు. లేకపోతే, డెక్ బాగానే తిరుగుతుంటే, క్యాసెట్ ఆకారంలోనే వచ్చే బ్లూటూత్ అడాప్టర్ లోపల పెట్టచ్చు. నాణ్యత అంతంతమాత్రమే, కానీ ఏదీ తెగ్గోయలేదు.

లోపల బోర్డు పెట్టించాల్సి వస్తే రెండు షరతులు. డెక్‌ను తీసి పారేయకూడదు, ముందు ప్యానెల్‌కు రంధ్రాలు చేయకూడదు. బ్లూటూత్ బోర్డు అగ్గిపెట్టె కన్నా చిన్నది, బ్యాటరీ అరలోనే పట్టేస్తుంది. దాని శబ్దాన్ని టేపు దారిలోకి కలిపి, ఫంక్షన్ స్విచ్చు టేప్ వైపు పెట్టినప్పుడు వినిపించేలా చేయమనండి. ఇక్కడ ఎదురయ్యే అసలు తలనొప్పి పాట మధ్యలో వినిపించే సన్నటి టిక్‌టిక్, కీచు. సెట్టు లోపలి నుంచే బ్లూటూత్ బోర్డుకు కరెంటు తీసుకుని, రెండింటి గ్రౌండ్ ఒకటే అయినప్పుడు ఇది వస్తుంది. బోర్డుకు, రెండింటి గ్రౌండ్‌నూ వేరుగా ఉంచే ఐసొలేటెడ్ డీసీ-డీసీ కన్వర్టర్ ద్వారా ఐదు వోల్టులు ఇవ్వాలి, లేదా విడిగా చిన్న లిథియం బ్యాటరీ పెట్టాలి. పని ఒప్పుకునేముందు "కీచు రాకుండా ఏం చేస్తావన్నా?" అని అడగండి. జవాబు తడుముకుంటే ఇంకో బల్ల దగ్గరికి నడవండి.

మీడియం వేవ్ కోసం మాత్రం ఏ దారిలోనూ పెద్దగా ఆశ పెట్టుకోకండి. అపార్ట్‌మెంట్‌లో ఎల్‌ఈడీ బల్బులు, ఛార్జర్లు, ఇన్వర్టర్లు చేసే రొదలో స్టేషన్ మునిగిపోతుంది. సెట్టు పాడైందనుకుని మెకానిక్ దగ్గరికి పరిగెత్తేముందు బ్యాటరీలు వేసి డాబా మీదికి తీసుకెళ్ళి చూడండి.

ఇంటివాళ్ళ గొంతులున్న క్యాసెట్లు ఉంటే

తాతగారి పద్యాలో, పెళ్ళిలో అమ్మమ్మ పాడిన మంగళహారతో, దుబాయ్ వెళ్ళిన బాబాయ్ ఉత్తరానికి బదులు పంపిన మాటలో ఉన్న క్యాసెట్ ఒక్కటైనా ఉంటే పైన చెప్పిన లెక్కలన్నీ మారిపోతాయి. సినిమా పాట ఇంకోచోట దొరుకుతుంది, ఇది దొరకదు. అలాంటప్పుడు డెక్ బాగు చేయించడం మీద ఖర్చు పెట్టండి, రోలర్, బెల్టులు అన్నీ కొత్తవి వేయించండి, ముందు పనికిరాని క్యాసెట్లు రెండు మూడు పూర్తిగా తిప్పి చూసి ఆ తర్వాతే దీన్ని పెట్టండి.

పెట్టేముందు క్యాసెట్ వెనక అంచున ఉండే రెండు ప్లాస్టిక్ చెక్కులు విరిచేయండి. అవి విరిగితే రికార్డ్ మీట కిందికి దిగదు, పొరపాటున చెరిగిపోయే భయం ఉండదు. టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే అసలు తిప్పకండి. మన ఊరి తేమకి అది మామూలే. బూజు హెడ్‌కి, అక్కడి నుంచి మిగతా క్యాసెట్లకి అంటుకుంటుంది. దాన్ని శుభ్రం చేసే అనుభవం ఉన్నవాళ్ళకే ఇవ్వాలి.

శబ్దం దుప్పటి కప్పినట్టు మందంగా వస్తే హెడ్ పక్కన స్ప్రింగు ఉన్న చిన్న స్క్రూ చూడండి. అది హెడ్ వాలును మారుస్తుంది. పాట నడుస్తుండగా పావు చుట్టు అటూ ఇటూ తిప్పితే ఒక చోట 'స', 'ష'లు స్పష్టంగా విచ్చుకుంటాయి. ఆ క్యాసెట్‌ను వేరే సెట్టు మీద రికార్డు చేసి ఉంటారు కాబట్టి దాని వాలుకు తగ్గట్టు సర్దుకుని, ఇయర్‌ఫోన్ సాకెట్ నుంచి వైరు తీసి కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని, తర్వాత మామూలు క్యాసెట్ పెట్టి స్క్రూను మళ్ళీ దానికి సర్దండి.

చివరగా, డెక్ ఎంత బాగున్నా శబ్దం పడుతూ లేస్తూ ఉంటే తప్పు క్యాసెట్‌దే కావచ్చు. టేపును హెడ్‌కి ఒత్తి పట్టే చిన్న ఫెల్ట్ ముక్క ఊడి లోపలెక్కడో పడి ఉంటుంది. స్క్రూల క్యాసెట్ అయితే ఐదు స్క్రూలు విప్పి, రెండు చుట్టలనూ వేరే మంచి డొల్లలోకి మార్చేయచ్చు, పది నిమిషాల పని. స్క్రూలు లేకుండా అతికించేసిన రకమైతే అంచు వెంబడి సన్న బ్లేడుతో నెమ్మదిగా విడదీయాలి. టేపు తెగి ఉంటే సెల్లోటేప్ అంటించకండి, దాని జిగురు కారి హెడ్‌కి పట్టుకుంటుంది. ఈ పనికోసమే ఆన్‌లైన్‌లో అమ్మే స్ప్లైసింగ్ టేప్ తెప్పించుకోండి.